మార్కాపురం పలక చేసిన నేరాలు

మార్కాపురం పలక మీద కేసు పెట్టాల్సిన రోజు వచ్చింది. మన పక్క ఊరి సరుకు గదా, మన పెద్దలు దాని మీదే ఓనమాలు దిద్దారు గదా అని ఇన్నాళ్లూ మొహమాటపడ్డాం. ఇక కుదరదు. గిద్దలూరులో ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ లేని జేబు వెతికినా దొరకదు. ఆ ఫోన్ పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది, ఈ నల్లరాయి ముక్క వ్యాపార ధర్మానికి ఎంత ద్రోహం చేసిందో. అభియోగాలు ఒక్కొక్కటే వినిపిస్తాను. తీర్పు పాఠకులది.

మొదటి అభియోగం: కొన్నవాడికి సొంతమైపోవడం.

గనిలోంచి రాయి తీస్తారు, పలచగా చీలుస్తారు, కొలతకు కోస్తారు, నునుపు చేస్తారు, చుట్టూ చెక్క చట్రం బిగిస్తారు. అమ్మాక అమ్మినవాడి దారి అమ్మినవాడిది, కొన్నవాడి దారి కొన్నవాడిది. ఇంటికి చేరాక ఆ పలక తన యజమాని ఏ వీధిలో ఉంటాడో, రాత్రి ఎన్నింటికి పడుకుంటాడో ఫ్యాక్టరీకి కబురు పంపదు. లాగిన్ అడగదు. ఓటీపీ అడగదు. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే రైలు దిగువమెట్ట దాటి నల్లమలలోకి దూరాక సిగ్నల్ పోయి, డబ్బు కట్టిన పాటలు కూడా ఫోన్‌లో మూగబోతాయి. పక్క సీట్లో పిల్లాడు మాత్రం పలక మీద రాసుకుంటూనే ఉంటాడు. ఇంత పొగరు పనికిరాదు.

పెద్ద కంపెనీల పద్ధతి చూసి నేర్చుకోవాలి. 2009 జులైలో అమెజాన్ ఏం చేసింది? జార్జ్ ఆర్వెల్ '1984', 'యానిమల్ ఫామ్' పుస్తకాలను డబ్బిచ్చి కిండిల్‌లో దించుకున్నవాళ్ల దగ్గర్నుంచి చెప్పాపెట్టకుండా మాయం చేసింది. అమ్మకానికి పెట్టిన ప్రచురణ సంస్థకు హక్కులు లేవట. డబ్బు వాపసు ఇచ్చారు, తరవాత క్షమాపణ కూడా చెప్పారు. ప్రజలు ఏం చదవాలో, ఏం మరిచిపోవాలో పైవాడు నిర్ణయించే లోకం గురించి రాసిన పుస్తకాన్నే పైనుంచి చెరిపేయడం మామూలు ప్రతిభ కాదు. పిల్లాడు నిద్రపోయాక ఇంట్లో జొరబడి, పలక పట్టుకుపోయి, గూట్లో చిల్లర పెట్టిపోయిన షావుకారు మార్కాపురంలో ఒక్కడైనా ఉన్నాడా? వెనకబడిన ప్రాంతం అని మనల్ని ఊరికే అన్నారా!

మన రాష్ట్రమూ ఈ వెనకబాటుతనాన్ని వదిలించుకోవాలని ప్రయత్నించింది. 2022 జూన్‌లో అప్పటి ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ డిసెంబరు 21న ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకూ పంతుళ్లకూ కలిపి 5,18,740 ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. ఏది తెరవాలో, ఏది తెరవకూడదో పైనుంచే తాళం వేసి మరీ ఇచ్చారు. తాళం తీసే విద్యలో కొందరు పిల్లలు పాఠాలకన్నా ముందే ఉత్తీర్ణులయ్యారు. ఏడాదిన్నర తిరిగాక, 2024 జులైలో, పాఠాలు చెప్పిన కంపెనీయే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇక ఆ పాఠాల్లో తప్పులు దిద్దేదెవరు, సిలబస్ మారితే కొత్తవి ఎక్కించేదెవరు? పలకల ఫ్యాక్టరీ మూతపడినా పలక మీద 'అ' రాయొచ్చు. ఇది కూడా పలక నేరమే: తయారుచేసినవాడు మునిగితే తానూ మునగాలన్న విశ్వాసం దానికి లేదు.

రెండో అభియోగం: నెలనెలా డబ్బు అడగకపోవడం.

మన పంచాంగంలో అధిక మాసం రావడానికి రమారమి మూడేళ్లు పడుతుంది. ఫోన్ కంపెనీల పంచాంగంలో ఏటా వస్తుంది. వాళ్లకు పన్నెండు నెలలూ ఫిబ్రవరే. 28 రోజులకు గడువు తీరిపోతుంది. సంవత్సరానికి పన్నెండు రీఛార్జులు చేయాల్సినవాడు పదమూడు చేస్తాడు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో కల్పించుకుని, కనీసం ఒక్కటైనా 30 రోజుల ప్లాను పెట్టండి అని ఆదేశించాల్సి వచ్చింది. నెలకు ముప్పై రోజులుంటాయని దేశంలో ఒక నియంత్రణ సంస్థ ఉత్తర్వు రాసి చెప్పాల్సి రావడం కలియుగ విశేషం.

అవ్వ చేతిలో బటన్ ఫోన్ ఉంటుంది. నంద్యాలలో ఉన్న కూతురితో మాట్లాడటం, హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోన్ కోసం కాచుకోవడం, ఈ రెండే దాని పనులు. ఆ అవ్వ చేత కూడా ఇంటర్నెట్ డేటాకు డబ్బు కట్టించారు. కేవలం మాటలకు, ఎస్సెమ్మెస్‌లకు వేరే ప్యాకు ఉండాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెస్తే గానీ కంపెనీలకు అవ్వ గుర్తుకురాలేదు. పలకేమో ఒకసారి కొంటే అన్న రాసి, చెల్లి రాసి, పక్కింటి పిల్ల రాసి, చట్రం ఊడితే తాత మేకు కొట్టి, మళ్లీ తమ్ముడు రాస్తాడు. ఇంతమంది దగ్గర ఒక్క రూపాయి అద్దె వసూలు చేయలేని వస్తువు వస్తువేనా?

మూడో అభియోగం: వయసుతో పాటు మందగించకపోవడం.

పాత ఐఫోన్ల వేగాన్ని బ్యాటరీ పేరు చెప్పి తామే తగ్గించామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. వాడేవాళ్లకు ముందుగా చెప్పలేదు. ఫోన్ ముసలిదైపోయిందనుకుని కొందరు కొత్తది కొనుక్కున్నారు. 2020లో అమెరికాలో ఆ కేసు 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించే ఒప్పందంతో ముగిసింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మామూలు సేవలు ఆపేసింది. కొత్త విండోస్‌కు ఫలానా చిప్పు, ఫలానా తరం ప్రాసెసర్ ఉండాలట. జిరాక్సు షాపుల్లో, నెట్ సెంటర్లలో హాల్ టికెట్లూ అడంగళ్లూ ముద్రిస్తూ బతుకుతున్న కంప్యూటర్‌కు ఏ రోగమూ లేదు. పుట్టిన తేదీ చూసి దానికి మరణ ధ్రువపత్రం రాశారు.

వాట్సాప్ సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. 2024 అక్టోబరు 22న మన రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్ సొంతదారు మెటాతో ఒప్పందం చేసుకుంది, ప్రభుత్వ సేవలన్నీ వాట్సాప్‌లో ఇస్తామని. నెల తిరక్కుండానే, నవంబరు 18న, కాంపిటీషన్ కమిషన్ అదే మెటాకు రూ.213.14 కోట్ల జరిమానా వేసింది. 2021లో వాట్సాప్ తన గోప్యతా విధానాన్ని 'ఒప్పుకో, లేకపోతే వెళ్లిపో' అన్న తీరులో జనం మీద రుద్దిందన్నది అభియోగం. 2025 జనవరి 1న పాత కిట్‌క్యాట్ ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. జనవరి 30న అదే వాట్సాప్‌లో 161 ప్రభుత్వ సేవలతో 'మన మిత్ర' మొదలైంది. వరస గమనించారా? నెల మొదట్లో పాత ఫోన్ వాడి ముందు తలుపు మూశారు. నెలాఖర్లో ఆ తలుపు మీదే 'ప్రభుత్వ కార్యాలయం' అని బోర్డు కట్టారు.

ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగకుండా ఇంట్లో కూర్చుని సర్టిఫికెట్ తెచ్చుకోవడం మంచిదే. దాన్ని కాదనేవాడు ఎప్పుడూ మధ్యాహ్నం పూట ఎమ్మార్వో ఆఫీసు వరండాలో కూర్చుని ఉండడు. కానీ ప్రభుత్వం దగ్గరికి పోయే బాటకు గేటు వేసి, ఆ గేటు తాళంచెవి కాలిఫోర్నియాలో పెట్టడం ఏం తెలివి? ట్యాబ్‌ల ప్రభుత్వం పోయింది, వాట్సాప్ ప్రభుత్వం వచ్చింది. జెండా మారింది గానీ కంపెనీ గడప ముందు నిలబడే తీరు మారలేదు.

నాలుగో అభియోగం: ఒప్పందం రాయించుకోకపోవడం.

రాచర్ల గేటు దగ్గర ఏ మొబైల్ షాపులోనైనా కాసేపు నిలబడండి, ఈ నాటకం ఉచితంగా చూడొచ్చు.

"ఏంది నాయనా ఇది, ఇంతుంది?"

"ఏం లేదు పెద్దాయనా, కింద నీలం రంగు దాని మీద నొక్కు."

"నొక్కితే ఏమైతది?"

"నొక్కకపోతే ఫోన్ తెరుచుకోదు."

రెండెకరాల చేను కౌలుకిచ్చేటప్పుడు నలుగురు పెద్దల్ని కూర్చోబెట్టి, కాగితం మూడుసార్లు చదివించుకుని, వేలిముద్ర వేసే మనిషి ఆయన. అలాంటివాడు తన ఫొటోలు, తన చుట్టాల నంబర్లు, తాను తిరిగే దారులు, తన గొంతు, అన్నీ ఇంగ్లీషు కాగితం మీద క్షణంలో రాసిచ్చేశాడు. షాపు కుర్రాడి తప్పు లేదు, వాడూ చదవలేదు. ఆ కాగితం రాసిన వకీలు తప్ప భూమ్మీద ఎవరూ దాన్ని పూర్తిగా చదివి ఉండరు. చదవకూడదనే అలా రాస్తారు.

ఆ నొక్కుడు ఖరీదెంతో కరోనా కాలంలో లోన్ యాప్‌లు నేర్పించాయి. 2020 చివరికి వచ్చేసరికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసు కేసులు, ఆత్మహత్యలు. చేతికిచ్చింది కొద్ది వేలు. తీసుకున్నది ఫోన్‌లోని నంబర్లన్నీ. వాయిదా దాటితే మేనమామకు, వియ్యంకుడికి, పిల్లల పంతులుకు ఫోన్లు, మార్ఫింగ్ ఫొటోలు. అప్పిచ్చే యాప్‌లు కాంటాక్టుల జాబితా జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పటికే ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో.

అయిదో అభియోగం, అన్నిటికన్నా ఘోరం: తుడిస్తే మరిచిపోవడం.

పలక మీద ఉమ్మి తుడిస్తే పంతులు వీపు విమానం మోత మోగించేవాడు, చదువుల తల్లికి అపచారమని. అయినా తుడిచింది తుడిచినట్టే పోయేది. నిన్న తప్పు రాసిన ఎక్కం ఇవాళ అప్పు అడగబోతే ఎదురు రాదు. తుడిచిన అక్షరం అహమ్మదాబాదులో ఒక నకలు, ఐర్లండ్‌లో ఒక నకలు దాచిపెట్టుకోదు.

దాచిపెట్టుకున్నవాళ్లు జాగ్రత్తగా దాచుకున్నా బాగుండేది. 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులం, మతం, బ్యాంకు ఖాతా వివరాలు ఎవరు పడితే వాళ్లు చూసేలా పరిచి ఉన్నాయి. శ్రీనివాస్ కొడాలి అనే తెలుగు పరిశోధకుడు బయటపెడితే గానీ దాన్ని మూయలేదు. వాటన్నిటికీ బదులుగా లబ్ధిదారుడికి దక్కిందేమిటి? ఇల్లు ఇస్తామన్న మాట. ఆ మాటకోసం పేదవాడు తన కులం దగ్గర్నుంచి ఖాతా దాకా వీధిలో ఆరబెట్టుకోవాల్సి వచ్చింది.

తుడవాల్సింది కూడా తుడవరు, మన జిల్లా సంగతే సాక్ష్యం. గిద్దలూరు ఉన్నచోటనే ఉంది. 1970 దాకా కర్నూలు జిల్లా అన్నారు, తరవాత ఒంగోలు జిల్లా అన్నారు, 1972లో ప్రకాశం అన్నారు, 2025 డిసెంబరు 31 నుంచి మార్కాపురం జిల్లా అంటున్నారు. పలక మీదైతే పాత పేరు తుడిచి కొత్త పేరు రాయడానికి అరనిమిషం. ఒక్కొక్క యాప్‌లో 'జిల్లాను ఎంచుకోండి' అన్న చోట కిందికి జారే జాబితా చూడండి: కొన్నిటికి మనం ఇంకా ప్రకాశం జిల్లా మనుషులమే. గుర్తుంచుకోకూడనివి గుర్తుంచుకుంటాయి, మార్చుకోవాల్సినవి మార్చుకోవు.

ప్రాసిక్యూషన్ వాదన ఇక్కడితో ముగిసింది. ఇప్పుడు వేళాకోళం పక్కన పెడదాం. పలక చేసిన నిజమైన నేరం ఒకటుంది, దాన్ని దాచి ఈ వ్యాసం ముగిస్తే పాపం. ఆ రాయి కోసిన దుమ్ము కూలీల ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఒకప్పుడు బడిపిల్లలకు పలకలు తయారుచేయడానికి బడికి పోని పిల్లలు పనిచేశారు. రాయి కోసిన చేతులకు, కలుపు తీసిన చేతులకు, బేల్దారి పని చేసిన చేతులకు వేలిముద్రల గీతలు అరిగిపోతాయి. అలా అరిగిన వేలు తీసుకొచ్చి ఒకామె రేషన్ మిషన్ మీద పెడితే, మిషన్ 'నువ్వు నువ్వు కాదు' అంటుంది. డీలరుకు ఆమె పుట్టింటి పేరు కూడా తెలుసు. అయినా బియ్యం ఇవ్వాలంటే మిషన్ సాక్ష్యం కావాలి. మనిషి మాటకన్నా, పక్కవాడి మాటకన్నా, ఊరి మాటకన్నా గాజు ముక్క మాట ఎక్కువైంది.

ఉపాధి హామీ పనుల్లో హాజరు యాప్‌దీ ఇదే కథ. దొంగ మస్టర్లు అరికట్టాలని 2023 జనవరి 1 నుంచి దేశమంతా తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు పనిచోట కూలీల ఫొటో ఎక్కించాలి. సిగ్నల్ దొరకని నల్లమల అంచు ఊళ్లలో గుంత తవ్విన ఆడమనిషి, తవ్విన గుంత సాక్ష్యంగా ఉన్నా, ఫొటో ఎక్కకపోతే కూలి పోతుందని గుండె చేత్తో పట్టుకుని నిలబడింది. మరి దొంగలు ఆగారా? 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది: పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారు, పాత ఫొటోకే మళ్లీ ఫొటో తీస్తున్నారు, కాబట్టి పంచాయతీ స్థాయిలో ఫొటోలన్నీ మనుషులు కూర్చుని సరిచూడాలి అని. మనుషుల్ని నమ్మలేక మిషన్ పెట్టారు. మిషన్‌ను నమ్మలేక మనుషుల్ని పెట్టారు. దొంగకు ఒక ఫొటో ఖర్చయింది. కష్టపడినవాడికి రోజు కూలి.

"మరి చట్టాలు లేవా?" అంటారు. భేషుగ్గా ఉన్నాయి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తొమ్మిదిమందిలో మన కృష్ణా జిల్లావాడు జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఉన్నారు; తరవాత మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ ఉన్నారు. ఆ హక్కును కాపాడే చట్టం చేయడానికి పార్లమెంటుకు ఆరేళ్లు పట్టి, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు రావడానికి ఇంకో రెండేళ్లు పట్టి, 2025 నవంబరులో వచ్చాయి. వచ్చాయి గదా అని సంబరపడకండి. కంపెనీలు మన అనుమతి ఎలా అడగాలి, మన సమాచారం ఎప్పుడు తుడిచేయాలి వంటి అసలు నిబంధనలకు మరో పద్దెనిమిది నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. కానీ అదే చట్టంలో సమాచార హక్కు చట్టాన్ని సవరించే నిబంధన మాత్రం అదే రోజు అమల్లోకి వచ్చింది. దాని పుణ్యమా అని 'ఇది వ్యక్తిగత సమాచారం' అన్న ఒక్క ముక్కతో దరఖాస్తు వెనక్కి కొట్టడం అధికారికి సులువైంది. జనానికి ఇవ్వాల్సింది పద్దెనిమిది నెలల తరవాత. జనం దగ్గర్నుంచి తీసుకోవాల్సింది ఆ పూటే.

ఇంకా చూడండి. కంపెనీ తప్పు చేస్తే రూ.250 కోట్ల దాకా జరిమానా. భయంకరంగా ఉంది గదా? ఆ డబ్బు చేరేది ప్రభుత్వ ఖజానాకు. పరువు పోయినవాడికి, ఖాతా ఖాళీ అయినవాడికి ఆ చట్టం కింద పైసా పరిహారం లేదు. ఐటీ చట్టంలో పరిహారానికి వీలిచ్చిన 43ఎ సెక్షన్‌ను కూడా ఎత్తేసే ఏర్పాటు దాంట్లోనే ఉంది. పైగా పౌరుడు తప్పుడు ఫిర్యాదో పసలేని ఫిర్యాదో చేశాడని తేలితే వాడికే రూ.10,000 దాకా జరిమానా. ప్రభుత్వం తలుచుకుంటే తన సంస్థలను ఈ చట్టం నుంచి మినహాయించుకోవచ్చు. ఇల్లు దోచుకున్నవాడు జరిమానా సర్కారుకు కడతాడు, పోయినవాడి ఫిర్యాదు పసలేనిదని తేలిస్తే వాడూ కడతాడు, కాపలావాడికి మాత్రం ఏ లెక్కా లేదు.

మరమ్మతు హక్కూ అంతే. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి కొనేవాడు తానే తీసి మార్చుకోగలిగేలా బ్యాటరీలు పెట్టాలని చట్టం చేశారు. మనకు 2022 డిసెంబరులో ఒక వెబ్‌సైట్ పెట్టారు. ఫోన్ చెడిపోయినవాడు అందులో చూసుకోవచ్చు, ఫోన్ పనిచేస్తుంటే.

కాబట్టి పాఠకులకు నాలుగు మాటలు. ఫోన్ కొనేముందు కెమెరా ఎంత అని అడిగినట్టే బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు అని అడగండి. అడిగేవాళ్లు పదిమంది అయితే చెప్పేవాడు తయారవుతాడు. టార్చిలైటు యాప్‌కు మీ కాంటాక్టులు అక్కర్లేదు, నిరాకరించండి. యాప్‌లో సేవ పెట్టిన ప్రతి ఆఫీసులోనూ మనిషి కూర్చునే కౌంటరు కూడా ఉంచమని మీ వార్డు సభ్యుణ్ణి, మీ ఎమ్మెల్యేను నిలదీయండి. వేలిముద్ర పడని మనిషికి బియ్యం ఎగ్గొట్టే హక్కు ఏ మిషన్‌కూ లేదు. ఇక ఆ నీలం రంగు బటన్ సంగతి: రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా నోటీసు చదువుకునే వీలు కల్పించాలని కొత్త చట్టం చెబుతోంది, అందులో తెలుగు ఉంది. 2027 మే తరవాత అది మీ చట్టబద్ధమైన హక్కు. అప్పటిదాకా కూడా అడగండి. అడిగినందుకు ఇంకా ఎవరూ జరిమానా పెట్టలేదు.